అంకెల ఏలుబడి

పాఠశాలలు చెడినవనుట నేడు ఎల్లవారికిని పరిపాటియైనది. పఠనమందిరములలో బల్లచుట్టు చేరిన పెద్దల నడుమ ఈ మాట వచ్చినంతనే దాని వెనువెంట రెండవమాటయు వచ్చుచుండును: "గట్టివాడొకడు కావలెనండీ! కొరడా ఝళిపించు అధికారి వచ్చిననాడుగాని ఈ పంతుళ్లు దారికి రారు." ఈ మాట మేమెన్ని యూళ్లలో వింటిమో లెక్కలేదు. విన్నప్పుడెల్ల తలయూచువారినే చూచితిమి. ఆ గట్టివాడు వచ్చి వెడలిపోయిన చోట పిల్లలకు మిగిలినదేమని యడిగినవానిని మాత్రము ఒక్కనిని చూడలేదు. ఆ ప్రశ్న నడుగుటకే నేడు కలము పట్టితిమి.

ఇట్టి గట్టివారిని ఏరికోరి తెచ్చుకొని, సర్వాధికారములనిచ్చి, ఫలితమును కన్నులార చూచిన దేశమొకటి కలదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో పాఠశాలలను రాజధానినుండి నడుపువారు లేరు. దేశమంతయు సుమారు 13,000 పాఠశాలామండలములుగా విభక్తమై యున్నది. పెక్కుచోట్ల పౌరులు ఓట్లువేసి బోర్డు నెన్నుకొందురు. ఆ బోర్డు సూపరింటెండెంటును నియమించును. బఫెలో, లూయివిల్ నగరములు 1837లో మొదటగా ఈ పదవిని కల్పించెను. ఉపాధ్యాయుల నియామకము, ప్రధానోపాధ్యాయుల ఎన్నిక, ఆదాయవ్యయముల పట్టిక, పాఠ్యక్రమము, తుదకు బడిబస్సుల రాకపోకలవరకు ఆ యొక్కని బాధ్యతయే. మన జిల్లా విద్యాశాఖాధికారి ఒక ఉత్తరువుతో వచ్చి ఇంకొక ఉత్తరువుతో పోవును. ఆతని నేల పంపిరో, ఏల పిలిపించుకొనిరో ఊరివారికి తెలియదు. అచ్చటనో, సూపరింటెండెంటును పిలుచుటయు, పంపివేయుటయు పదుగురెదుట జరుగును. ఆ దేశమున స్థిరపడి పౌరసత్వమును పొందిన మన తెలుగువారును నేడు ఆ బోర్డులకు ఓట్లు వేయుచున్నారు. కావున ఈ ముచ్చట మనకు బొత్తిగా పరాయిది కాదు.

జార్జియా రాష్ట్రమునకు ముఖ్యనగరమగు అట్లాంటాకు 1999లో బెవర్లీ హాల్ అను విద్యావతి సూపరింటెండెంటుగా వచ్చెను. ఆమె జమైకా ద్వీపమున పుట్టి, న్యూయార్కులో ఉపాధ్యాయినిగా పనిచేసి, న్యూఆర్కు నగర పాఠశాలలను పాలించిన యనుభవము గడించినది. అట్లాంటా పాఠశాలలలో చదువువారిలో అధికసంఖ్యాకులు నల్లజాతి పేదల బిడ్డలు. పేదరికమును సాకుగా చెప్పరాదు, ఏ బిడ్డయైనను చదువగలడు అనునది ఆమె మాట. మంచిమాటయే. ఆ మాటను మేము మనసార గౌరవింతుము. కాని ఆ మాటను అమలుపరచిన విధమును చూడుడు.

ప్రతి పాఠశాలకును ఏటేట ఇంతశాతము ఉత్తీర్ణులు కావలెనని ఒక అంకె నిర్ణయింపబడెను. ఆ అంకెను అందుకొన్న ఏడు, మరుసటియేటికి అంకె పెరిగెడిది. అందుకొన్నచోట ఉద్యోగులకు బహుమానపు సొమ్ము. అందుకొననిచోట ప్రధానోపాధ్యాయునికి మూడేండ్ల గడువు, ఆపై ఉద్వాసన. ఆమె కాలములో ప్రధానోపాధ్యాయులలో అత్యధికసంఖ్యాకులు మారిపోయిరి. ఏటేట జార్జియా డోము అను మహాక్రీడాశాలలో సభ జరిగెడిది; అంకెను సాధించిన పాఠశాలలవారికి క్రింద నేలమీద సగౌరవముగా ఆసనములు, సాధింపనివారికి దూరమున పైమెట్లమీద చోటు. జీతముకొరకు బడికి వచ్చు నడివయసు పంతులమ్మ, తన యూరివారందరును చూచుచుండగా, ఆ పైమెట్లెక్కి కూర్చుండవలసివచ్చెడిది. ఈ యేర్పాటును ఆలోచించినవారికి మనుష్యులను భయపెట్టుట తెలియునుగాని, చదువు చెప్పించుట తెలియునని మేము నమ్మజాలము.

అంకెలు పెరిగినవి. పెరుగక ఏమి చేయును? పత్రికలు పొగడెను, వర్తకశ్రేష్ఠులు పొగడిరి, దాతలు డబ్బు కురిపించిరి. 2009లో అమెరికా పాఠశాలాధికారుల సంఘము ఆమెను ఆ సంవత్సరపు జాతీయ ఉత్తమ సూపరింటెండెంటుగా సన్మానించెను. ఇంతలో అట్లాంటా జర్నల్-కాన్స్టిట్యూషన్ అను స్థానిక దినపత్రిక ఆ మార్కులను ప్రక్కప్రక్కన పెట్టి లెక్కచూచి, ఇంత పెరుగుదల మానవసాధ్యమా యని యడిగెను. పత్రికను నడుపు మావంటివారికి ఈ యొక్కవిషయములో కొంత గర్వము కలుగుట సహజమే; పాఠకులు మన్నింతురుగాక. తుదకు రాష్ట్ర గవర్నరు ప్రత్యేక విచారణాధికారులను నియమింపవలసివచ్చెను. పరీక్షాపత్రములమీద తప్పు సమాధానమును చెరిపి ఒప్పు సమాధానమును దిద్దిన గుర్తులను యంత్రముచేత లెక్కించిరి. పిల్లవాడు తనంత తాను రెండుమూడుచోట్ల దిద్దుకొనును. ఒక తరగతి తరగతియంతయు పదులకొలది ప్రశ్నలను చెరిపి, చెరిపిన ప్రతిచోటను ఒప్పే వ్రాయునా?

2011 జులైలో నివేదిక వెలువడెను. పరిశీలించిన 56 పాఠశాలలలో 44 చోట్ల మోసము జరిగెను. 178 మంది ఉపాధ్యాయులు, అధికారులు అందు చిక్కుకొనిరి. వారిలో 38 మంది ప్రధానోపాధ్యాయులు. 82 మంది తమ నోటనే ఒప్పుకొనిరి. ఒక పాఠశాలవారైతే వారాంతమున ఒక యింట చేరి, విందునకు వచ్చినట్లు కూర్చుండి, పిల్లల పత్రములను దిద్దిరట! భయము, బెదిరింపు, నోరువిప్పినవానిపై పగతీర్చుకొనుట, ఇవి ఆ మండలమంతటను వ్యాపించియుండెనని విచారణాధికారులు నిర్ణయించిరి.

న్యాయవాదులముగనుక ఇట ఒక మాట చెప్పవలసియున్నది. 2013లో హాలుతోకూడ 35 మందిపై నేరారోపణ జరిగెను. ఆరోపించిన చట్టమేది? దోపిడిముఠాలను అణచుటకు పుట్టిన చట్టము. 2015 ఏప్రిలులో, విచారణకు నిలిచిన 12 మందిలో 11 మంది ఆ చట్టముక్రింద దోషులని జ్యూరీ తీర్మానించెను; పంతుళ్లను, పంతులమ్మలను న్యాయస్థానమునుండియే సంకెళ్లతో నడిపించుకొనిపోయిరి. హాలు వ్యాధిగ్రస్తయై విచారణకు రాలేక, ఆ తీర్పునకు ఒకనెల ముందే కన్నుమూసెను. తానెన్నడును మోసము చేయుమని చెప్పలేదనియే ఆమె కడవరకు పలికెను. విచారణ ముగియనివారిని దోషులనుట మా వృత్తిధర్మము కాదు, అట్లనము. కాని చెప్పుమని చెప్పవలసిన పనియేమున్నది? అంకె రానిచో ఉద్యోగము పోవునని యెరిగినవానికి, అంకె ఎట్లు వచ్చినదని ఎవరును అడుగరని యెరిగినవానికి, వేరే ఆజ్ఞాపత్రము కావలెనా? క్రిందివారు జైలునకు పోయిరి. పైనుండి ఆ భయమును పోసిన పద్ధతికి మాత్రము ఏ న్యాయస్థానమును శిక్ష వేయలేదు. ఆ శిక్ష వేయవలసినది ప్రజాభిప్రాయమే.

ఈ గొడవలో మనము మరచిపోవుచున్నవాడు పిల్లవాడు. చదువురాని బిడ్డ పరీక్షలో తప్పినచో, వానికి ప్రత్యేకముగా చెప్పవలసిన బాధ్యత పాఠశాలమీద పడును. వాని పత్రమును దిద్ది ఒప్పుగా చేసినచో ఆ బాధ్యత తీరిపోవును. వానికి రావలసిన సాయము రాకపోవును. వాడు చదువలేకయే పైతరగతికి నెట్టబడును. తల్లిదండ్రులు పత్రమును చూచి సంతసింతురు. రోగికి జ్వరమున్నప్పుడు, జ్వరమును కొలుచు గొట్టమును చన్నీట ముంచి చూపి "తగ్గినది" అని చెప్పిన వైద్యుని ఏమందురో వీరినిగూడ అదియే యనవలెను.

ఇది నేటి రోగము కాదు. 1913లో మసాచుసెట్సు రాష్ట్రమున న్యూటను నగర సూపరింటెండెంటు ఫ్రాంకు స్పాల్డింగ్ అను నతడు, కర్మాగారములలో టేలరు ప్రచారముచేసిన పొదుపుశాస్త్రమును చదువులకు పట్టించి, ఒక మహాసభలో గొప్ప సిద్ధాంతమును ప్రకటించెను: 5.9 గ్రీకుపాఠములు 23.8 ఫ్రెంచిపాఠములకు విలువలో సమానమట! అవిలువ యేది? ఒక్కొక్క పాఠమునకు బోర్డువారు చెల్లించిన డబ్బు. కావున గ్రీకు ఖరీదెక్కువ, ఇక కొనరాదు అని తీర్మానము. సంతలో వంకాయలకు, కందగడ్డలకు ఇంతకన్న మెరుగైన లెక్క వేయుదురు. రేమండ్ కాలహాన్ అను చరిత్రకారుడు 1962లో ఈ కథనంతటిని ఒక గ్రంథముగా వ్రాసి, సూపరింటెండెంటు విద్యావేత్త పదవినుండి గుమాస్తాదారు పదవికి ఎట్లు దిగిపోయెనో, పత్రికలకును వర్తకులకును జడిసి ఎట్లు దిగిపోయెనో నిరూపించెను.

అమెరికావారిని వెక్కిరించి మనము చేతులు కడుగుకొనుటకు వీలులేదు. పందొమ్మిదవ శతాబ్దమున చెన్నరాజధానిలో రిజల్టు గ్రాంటు అనునది యొకటి నడచెను. ఇనస్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షించును. ఉత్తీర్ణులైనవారి లెక్కనుబట్టి బడికి సొమ్ము. ఆ సొమ్మే పెక్కుచోట్ల పంతులుగారి కడుపుకూడు. అందుచేత పిల్లవానికి అర్థమైనదా కాదా యను చింత పంతులునకు లేకపోయెను. ఇనస్పెక్టరు అడుగు నాలుగు ప్రశ్నలకు చిలుకవలె పలికిన చాలును. ఆ గ్రాంటు పోయి నూరేండ్లు దాటినది. ఆ బుద్ధి మాత్రము పోలేదు. పదవతరగతి ఫలితములు వచ్చిన దినమున ఏ జిల్లా మొదటిది, ఏ జిల్లా కడపటిది అని నేటికిని చాటింపువేయుచునే యున్నాము.

"అయితే అధికారి చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా?" అని పఠనమందిరపు పెద్దలు మమ్ము నిలదీయుదురు. వలదు. మేము నిందించునది అధికారమును కాదు, పాఠము చెప్పు గదిలోనికి అడుగిడని అధికారమును.

అదే మసాచుసెట్సులో క్విన్సీ అను పట్టణమున్నది. అమెరికా అధ్యక్షులుగానుండిన ఆడమ్సుల స్వస్థలము. 1873లో అచటి బోర్డు సభ్యులు, అధ్యక్షుని మనుమడగు చార్లెసు ఫ్రాన్సిసు ఆడమ్సుతోకూడ, స్వయముగా బడులకు పోయి పిల్లలను పరీక్షించిరి. వ్యాకరణసూత్రములు గడగడ వల్లించిన పిల్లలు ఒక చిన్న ఉత్తరమును వ్రాయలేకపోయిరి. సభ్యులు సిగ్గుపడిరి. (ఎన్ని జిల్లాలలో మన పెద్దలకు ఈ సిగ్గు కలిగినది?) 1875లో వారు ఫ్రాన్సిసు పార్కరు అను మాజీ సైనికాధికారిని సూపరింటెండెంటుగా పిలిచిరి. కర్నలను బిరుదమున్న మనుష్యుడు. కొరడా పట్టుటకు ఇంతకంటె తగినవాడెవడు? కాని అతడు తరగతి తరగతికి పోయి, తాను సుద్ద పట్టి, పాఠమెట్లు చెప్పవలెనో చెప్పి చూపెను. పంతుళ్లను చేర్చి వారితో చర్చించెను. కంఠస్థమును తగ్గించి, చూచుట, మాటలాడుట, వ్రాయుట అలవరచెను. ఊరిలో కొందరు నవ్విరి, ఆటలాడించుచున్నాడనిరి. 1879లో రాష్ట్రమువారు ఆ జిల్లాలోని పాఠశాలలనెల్ల పరీక్షింపగా క్విన్సీ పిల్లలే ముందు నిలిచిరి. ఇతడును పరీక్షలో గెలిచెను సుమా! అయితే పరీక్షను వెంబడించి కాదు.

షికాగో నగరమున ఎల్లా ఫ్లాగ్ యంగ్ చరిత్రయు తెలిసికొనదగినది. 1862లో బడిపంతులమ్మగా చేరి, మెట్టుమెట్టుగా నెక్కి, 1909లో ఆ మహానగర పాఠశాలలకు సూపరింటెండెంటు అయినది. అమెరికాలో మహానగరమునకు ఆ పదవి నందుకొన్న మొదటి స్త్రీ ఆమెయే. అంతకు పదేండ్లుముందు, 1899లో, పైయధికారి పంతుళ్లను కూలివారివలె చూచుట సహింపక తన పెద్దయుద్యోగమును వదలుకొని జాన్ డ్యూయీ కడకు పోయి చదువుకొన్నది. ఆలోచన పైవానిది, పని క్రిందివానిది యను విభజనయే పాఠశాలకు తెగులని అప్పుడామె వ్రాసిన సిద్ధాంతవ్యాసపు సారము. పదవి వచ్చినపిమ్మట మాట మరువలేదు. ఉపాధ్యాయుల సభలకు పాఠ్యక్రమవిషయమున మాట చెల్లించినది. 1913లో బోర్డు సభ్యులు కొందరు కుట్రపన్ని ఆమెను దింపిరి. పట్టణములోని స్త్రీలు, ఉపాధ్యాయినులు లేచి నిలిచిరి; మేయరు దిగివచ్చెను; ఆమె మరల పదవిని చేపట్టినది. తన క్రిందివారు తనకొరకు వీథిలోనికి వచ్చిన అధికారులను మన జిల్లాలలో వ్రేళ్లమీద లెక్కింపవచ్చును.

ఇటీవలి కాలములోను ఇట్టివారు లేకపోలేదు. 1987 మొదలు 1998 వరకు న్యూయార్కు నగరమున రెండవ మండలమును ఆంథొనీ ఆల్వరాడో పాలించెను. ప్రధానోపాధ్యాయుల సమావేశములలో మరమ్మతులు, కాగితములు అను ప్రసంగమును తగ్గించి పాఠబోధనమునే ముఖ్యవిషయముగా చేసెను. డబ్బు దొరికినంతవరకు ఉపాధ్యాయుల శిక్షణకే ఖర్చుపెట్టెను. తాను, తన సహాయకులు తరగతులలో నడచుచు చూచిరి. చదువులో ఆ మండలము నగరములోని 32 మండలములలో పదవస్థానమునుండి రెండవస్థానమునకు వచ్చెను. ఆ పేటలకు కలవారు వచ్చి చేరుటయు కొంత కారణమని విమర్శకులందురు. అది నిజమే కావచ్చును. అయినను ఆ పద్ధతిలో సారమున్నది.

ఇక్కడనే వినదగిన కథయున్నది. 1998లో శాండియేగో నగరమువారు ఆలన్ బెర్సిన్ అను మావంటి న్యాయవాదిని, ప్రభుత్వపక్షమున అభియోగములు నడిపిన ఘనుని, సూపరింటెండెంటుగా నియమించిరి. ఆయన ఈ ఆల్వరాడోనే పిలిపించుకొని బోధనభారమును అప్పగించెను. మనిషి ఒక్కడే, పద్ధతి యొక్కటే. అయితే న్యూయార్కులో పదునొకండేండ్లలో నచ్చచెప్పి చేసినదానిని ఇచ్చట పైనుండి ఆజ్ఞలతో, త్వరత్వరగా చేయబోయిరి. చిన్నతరగతులలో కొంత మేలు కనబడినను ఉపాధ్యాయసంఘము శత్రువైనది, బోర్డు రెండుగా చీలినది. 2003లో ఆల్వరాడో వెడలిపోయెను. 2005లో బెర్సిన్ వెడలిపోయెను. సాక్షిని దబాయించి నిజము రాబట్టవచ్చునేమో. పంతులును దబాయించి పాఠము రాబట్టలేము. మా తోటి న్యాయవాదులు పాఠశాలాసంఘములలో చేరునప్పుడు దీనిని జ్ఞప్తియందుంచుకొనవలెను. మాకును ఆ చాపల్యము లేకపోలేదు.

కాలిఫోర్నియాలోనే లాంగుబీచి మండలము సంగతి వేరు. కంబోడియానుండి పారిపోయి వచ్చిన శరణార్థుల బిడ్డలతోసహా పేదలెందరో చదువు మండలమది. 1992 నుండి 2002 వరకు కార్ల్ కోన్, ఆ తరువాత 2020 వరకు క్రిస్టఫరు స్టైన్‌హౌసరు. 28 ఏండ్లలో సూపరింటెండెంటులిద్దరే. పంతుళ్లను తయారుచేయు ఊరి విశ్వవిద్యాలయముతో చేయి కలిపిరి. ఒకరు మొదలుపెట్టినదానిని వేరొకరు త్రోసివేయలేదు. 2003లో ఆ మండలమునకు జాతీయబహుమానము వచ్చినది. ఈ కథలో గర్జనలు లేవు. అందుచేతనే కాబోలు, పత్రికలు దీనిని గూర్చి అంతగా వ్రాయవు.

పండితులు ఈ పదవిని కొలిచియు చూచిరి. 2006లో వాటర్సు, మార్జానో అను ఇరువురు, 2,714 మండలములకు సంబంధించిన 27 పరిశోధనలను కలిపి చూచి, సూపరింటెండెంటు నడవడికిని పిల్లల చదువునకును సంబంధము కలదనియు, ఆతడు ఒకేచోట నిలిచియున్నకొలది మేలు పెరుగుననియు తేల్చిరి. 2014లో బ్రూకింగ్సు సంస్థవారు ఫ్లోరిడా, ఉత్తర కరోలినా రాష్ట్రముల లెక్కలు తీసి, పిల్లల చదువులోని హెచ్చుతగ్గులలో సూపరింటెండెంటునకు చెందవలసిన భాగము నూటికి 0.3 మాత్రమేయనిరి. రెండును పరస్పరవిరుద్ధములని కొందరందురు. మాకట్లు తోచదు. మనిషిని చూచి మొక్కువారికి రెండవది చెంపపెట్టు. నిలుకడ, తరగతిగదిపై చూపు, బోర్డుతో పొత్తు కావలెనను వారికి మొదటిది బలము. వీరుడు వచ్చి మూడేండ్లలో ఉద్ధరించునను కథనుమాత్రము రెండింటిలో నేదియు సమర్థింపదు.

మన జిల్లాలకు వత్తము. తెలంగాణములో 2016లో జిల్లాలు 10 నుండి 31 అయినవి, 2019లో 33 అయినవి. ఆంధ్రప్రదేశములో 2022లో 13 జిల్లాలు 26 అయినవి. జిల్లాలు పెరిగినంత సులభముగా విద్యాధికారులు పెరుగలేదు. ఇన్‌చార్జి అను మాట మన విద్యాశాఖలో బిరుదమువలె స్థిరపడినది. తన పాఠశాల నొక చేతను, మండలమునంతటిని ఇంకొక చేతను మోయు ప్రధానోపాధ్యాయులను మేమెరుగుదుము. వారు తరగతులను చూచునది ఎప్పుడు? ఒకసారి మేమొక ఉన్నతపాఠశాలలో కూర్చుండియుండగా అధికారి తనిఖీకి వచ్చెను. హాజరుపట్టీ చూచెను, భోజనపు లెక్క చూచెను, మరుగుదొడ్డి ఛాయాచిత్రమును చరవాణిలో పంపిరా యని యడిగెను, గత సంవత్సరపు ఉత్తీర్ణశాతమును అడిగి "ఈయేడు నూటికి నూరు రావలె" ననెను. నలుబది నిమిషములు. ప్రక్కగదిలో ఎనిమిదవతరగతికి లెక్కల పాఠము జరుగుచుండెను. ఆయన ఆ గుమ్మమును దాటిపోయెనుగాని లోనికి తొంగిచూడలేదు. ఆయన చెడ్డవాడు కాడు. సాయంకాలములోగా ఇంక మూడు బడులు చూచి నివేదిక పంపవలసియున్నదని మాతో దీనముగా చెప్పుకొనెను. ఆయనకును పైనొక అంకె యున్నది.

కావున ఫలితములు వెలువడి, మీ జిల్లాకు ఇన్నవస్థానము వచ్చినదని చాటింపు వేసిననాడు, పఠనమందిరముల కార్యదర్శులు ఒక మహజరు వ్రాసి జిల్లా విద్యాశాఖాధికారికి పంపుడని కోరుచున్నాము. ఈయేడు తాము ఎన్ని తరగతులలో కూర్చుండి ఒక పాఠము మొదటినుండి తుదివరకు వింటిరి? వినిన పిమ్మట ఆ పంతులుతో ఏమి మాటలాడితిరి? ఐదవతరగతి పిల్లలలో రెండవతరగతి వాచకమును చదువలేనివారు జిల్లాలో ఎందరు, వారికి ఎవరు, ఏ గంటలో చెప్పుచున్నారు? తమను ఈ జిల్లాలో ఎన్నాళ్లుంచుదురో తమకు తెలియునా? కడపటి ప్రశ్నకు ఆయన జవాబు చెప్పలేడు. దానిని ప్రభుత్వమువారికి పంపవలెను. ప్రత్యుత్తరములు వచ్చినచో మా కార్యాలయమునకు నకలు పంపుడు. ఉన్నవి ఉన్నట్లు ప్రకటింతుము. రానిచో రాలేదనియు ప్రకటింతుము.